పోచమ్మ ఫోటో కింద రంగు కుండ

చచ్చిపోయిన పోచమ్మ గోడ మీద నవ్వుతోంది.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనం. కింది అంతస్తులో బట్టల ప్రదర్శన. మనిషెత్తు ఫోటో కింద ‘ప్రకృతి రంగులు, పచ్చని మనసులు’ అని రాసి ఉంది. మొన్ననే మట్టిచేసి వచ్చిన మనిషి ఆమె. ఆమెతో కలిసి రంగు పని చేసిన సక్కుబాయి తల వంచుకుని లోపలికి నడిచింది. ఆ కళ్లలోకి చూడటం ఆమె వల్ల కాలేదు.

వాళ్లు బట్టలకు రంగు వేసే పుప్పాలగూడ రేకుల షెడ్డులో ఒకప్పుడు ఆకుల నుంచి తీసిన నీలిమందు కుండలే ఉండేవి. ఆ నీలం కాస్త మసకగా ఉంటుంది. షాపుల్లో జనం పట్టుకు చూసి వదిలేసేవారు. సరుకు కదలడం లేదని యజమాని భీమేశ్వరరావు రసాయనాల డబ్బా రంగులూ, కాస్టిక్ సోడా దించాడు. బట్టకు కట్టే ‘ప్రకృతి రంగు’ చీటీ మాత్రం మార్చలేదు. కిటికీ లేని షెడ్డులో ఆ ఘాటు పీల్చి, దగ్గి దగ్గి నెత్తురు కక్కుకుని, పోచమ్మ దవాఖానలో పోయింది. బీడీలు తాగి పోయిందన్నాడు యజమాని, సిగ్గులేని మనిషి. పోచమ్మ జన్మలో బీడీ ముట్టి ఎరుగదు.

ఇప్పుడా దగ్గు సక్కుబాయికి పట్టుకుంది. దగ్గిన ప్రతిసారీ తన గొంతు కాదు, పోచమ్మ గొంతే వినిపిస్తోంది. ఇక వంతు తనదేనని ఆమెకు తెలుసు.

జనం ముందు బట్ట ముంచి చూపించడానికి పొద్దున వ్యాన్‌లో వస్తూ షెడ్డు ఆడవాళ్లు వాదులాడుకున్నారు.

“ఇయ్యాల కుండల చెయ్యి పెట్టేది లేదు,” అంది వాళ్లలో పెద్దదైన రాజమ్మ.

“పని పోతే ఏం తింటమే?” అంది సక్కుబాయి.

“పనిల ఉండి పోచమ్మ ఏం తిన్నది? ఘాటు తిన్నది.”

సక్కుబాయి ఏదో అనబోయి దగ్గింది. అందరూ ఉలిక్కిపడి ఆమె వంక చూశారు. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

పోచమ్మ ఫోటో కింద ముగ్గులు పెట్టిన మట్టికుండ ఉంది. అందులో యజమాని మనుషులు కలిపిన రంగు. చుట్టూ మెడలో ఆఫీసు కార్డులతో కుర్రాళ్లు, అమ్మాయిలు.

“జనానికి ధర్మమూ కావాలి, మెరుపూ కావాలండీ. మా దగ్గర రెండూ దొరుకుతాయి,” అని భీమేశ్వరరావు నవ్వుతూ ఆడవాళ్ల వైపు తిరిగాడు. “ముంచండమ్మా, చూపించండి.”

ఒక్కరూ కదల్లేదు.

“మాకు మైల,” అంది రాజమ్మ. “పోచమ్మ దినాలింక కాలె.”

ఒకే కుండలో చేతులు ముంచినవాళ్లు ఒకే ఇంటివాళ్లని వాళ్ల పట్టింపు. ఒకరు పోతే, దినాలయ్యేదాకా మిగతావాళ్లు నీలికుండ ముట్టరు. ముడితే కుండ చెడుతుందంటారు. భీమేశ్వరరావుకూ ఆ సంగతి తెలుసు. జనం ఎదురుచూస్తున్నారన్న కంగారులో ఒళ్లు మరిచాడు.

“మీ పట్టింపు నీలిమందుకు కదే! ఇది డబ్బా రంగు. దీనికి మైలేంటి? ముంచండి!”

అరిచాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు.

“డబ్బా రంగా?” కుర్తా ఎంచుకుంటున్న భానుశ్రీ అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి అడిగింది. “మరి చీటీ మీద ప్రకృతి రంగని ఉందేంటండీ?”

“మనకెందుకే? రంగు బాగుంది, రేటు బాగుంది, పద,” అంది పక్కనున్న స్నేహితురాలు.

ఆ మాట సక్కుబాయికి ఎక్కడో తగిలింది. భయం ఉంది. అయినా ముందుకొచ్చింది.

“జర ఆగుండ్రి, అమ్మా! అసలు నీలం ఇట్ల మెరవదు. మీకు మెరుపు గావాలని మేం ఘాటు మింగుతున్నం. గా డబ్బాలు షెడ్డుల ఉన్నన్ని దినాలు మేం బట్ట ముట్టం.”

“ముట్టం!” అన్నారు ఆడవాళ్లంతా ఒక్కసారిగా.

భీమేశ్వరరావు మొహం మాడిపోయింది. “పోలీసులకు ఫోన్ కొట్టండి! ముందా ఫోటో దించండ్రా!”

అతని మనుషులు నిచ్చెన తెచ్చారు. ఆడవాళ్లు గోడకు వీపులానించి, చేతులు పెనవేసుకుని నిలబడ్డారు.

“దించనియ్యం!” అంది సక్కుబాయి. “నవ్వుతుంటే అమ్ముకున్నవు. సచ్చిందంటే దాస్తవా?”

బయట పోలీసు జీపు ఆగింది. భానుశ్రీ చేతిలోని కుర్తా బల్ల మీద పెట్టి, నిచ్చెన దాటి వచ్చింది.

“ఈవిడ పేరేంటండీ?”

సక్కుబాయి మొదటిసారి తలెత్తి ఫోటో వంక చూసింది.

“పోచమ్మ. పేరొక్కటే అడిగితె ఎట్ల? ఎట్ల సచ్చిందో గూడ అడుగు.”

భానుశ్రీ అడిగింది. ఆమె వెనక మరొకరు అడిగారు. పోలీసులు లోపలికి వచ్చేసరికి అడిగేవాళ్లంతా ఆ కుండ చుట్టూ మూగి ఉన్నారు, వాళ్లకు దారి ఇవ్వడం లేదు. సక్కుబాయి దగ్గు ఆపుకుని చెబుతూనే ఉంది.