ముప్ఫయ్యో పేరు

కాలేజీలో నన్ను కొలిమి సార్ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. లోహాలు కరిగించే పాఠాలు చెబుతాను కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుని చాలాకాలం మురిసిపోయాను. తర్వాత తెలిసింది, నా కోపం చూసి పెట్టారట. ఇరవై రెండేళ్ళుగా మెటలర్జీ చెబుతున్నాను, అంటే లోహాల ఇంజనీరింగు. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "ఓహో" అని మాట మార్చేస్తారు. అదీ అలవాటైపోయింది.

ఈ ఏడాది మా యాజమాన్యానికి ఒక ఆలోచన పుట్టింది. పన్నెండేళ్ళ కిందట చదువు ముగించిన బ్యాచిని పట్టుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఏం ఉద్యోగం, ఎంత జీతం, చదివిన బ్రాంచిలోనే ఉన్నారా అని అడగాలి. పన్నెండేళ్ళకి మనిషి ఎక్కడో ఒకచోట కుదురుకుని ఉంటాడని వాళ్ళ లెక్క. కనీసం సగం మంది సొంత బ్రాంచిలో లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఆ బ్రాంచి ఉండదు. ఆ మాట అందరి ముందూ చెబుతూ ప్రిన్సిపల్ నా వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డారు. పాపం మంచాయన.

కంప్యూటర్స్ మేడమ్‌కి అరవై మంది. రెండు రోజుల్లో తేల్చేసింది. ఆవిడ విద్యార్థులు ఫోన్లు ఎత్తరు, మెసేజీలు పెడతారు. యాభై మందికి పైగా సొంత బ్రాంచే, జీతాలు చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. సివిల్ ఆయన వాళ్ళంతా సైట్ల మీద ఉంటారు, కాంక్రీటు కలిపే మిషను చప్పుడులో ఈయన అరవాలి, వాళ్ళూ అరవాలి. జీతాలు అంతంతమాత్రమే కానీ బ్రాంచి మాత్రం వదల్లేదు. మెకానికల్ వాళ్ళలో సగం మంది ఏదో ఒకటి అమ్ముకుంటున్నారు, కార్లో, బీమా పాలసీలో. ఎలక్ట్రికల్ వాళ్ళకి ఏ ఢోకా లేదు, కరెంటు ఆఫీసులున్నంత కాలం వాళ్ళుంటారు. ఈ కబుర్లన్నీ స్టాఫ్ రూములో టీ తాగుతూ చెప్పుకునేవాళ్ళు. నేను లోపలికి వెళ్తే గొంతు తగ్గించేవాళ్ళు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నట్టు.

నాకు ముప్ఫై మంది. పదిహేను మంది ఉంటే బ్రాంచి బతుకుతుంది.

రోజూ నాలుగింటికి క్లాసులయ్యాక, ల్యాబు పక్క గదిలో ఉన్న కాలేజీ ఫోను ముందు కూర్చునేవాణ్ణి. ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కోసి పాలిష్ పట్టిన లోహపు ముక్కలు పెట్టే అద్దాల బీరువా. ఆరింటిదాకా ఫోన్లు. తర్వాత నా గదికి పోయేవాణ్ణి, జిరాక్స్ షాపు మీద అద్దె గది. పెళ్ళి చేసుకోలేదు. "వీడు మెటలర్జీని కట్టుకున్నాడు, నాకు కోడలి చేతి కాఫీ రాసిపెట్టి లేదు" అని మా అమ్మ పోయేదాకా దెప్పుతూనే ఉంది.

మొదటిరోజు ఫోన్ ఎత్తినవాడు పైపులైన్ల అతుకులు పరీక్షించే పని చేస్తున్నాడు. ఊరికి దూరంగా ఇనుప డబ్బాలాంటి గదిలో ఆర్నెల్లుగా ఒక్కడే ఉంటున్నాడట. ఫారంలో ఆరు ప్రశ్నలు, రెండు నిమిషాల పని. వాడు నలభై నిమిషాలు మాట్లాడాడు. మన ల్యాబులో పెద్ద ఫర్నేసు తలుపు ఇంకా సరిగ్గా పడదా సార్ అన్నాడు. పడదన్నాను. దానికి ఎందుకంత సంతోషించాడో నాకు తెలీదు.

ఇంకొకడు విమానాల ఇంజన్ల కంపెనీలో ఉన్నాడు. జీతం నాకన్నా నాలుగు రెట్లు. ఆరో ప్రశ్న కూడా అయ్యాక ఇంకేమైనా అడగాలా సార్ అన్నాడు. ఏమీ లేవన్నాను. ఏమైనా గుర్తొస్తే మళ్ళీ చేయండి సార్, ఈ టైములో ఖాళీగానే ఉంటాను అన్నాడు. ఆ బ్యాచిలో ఫస్టొచ్చిన అమ్మాయి బ్యాంకులో మేనేజరు. లోహాలతో తనకిప్పుడు లాకరు తాళంచెవి వరకే సంబంధమని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది కానీ ఏమనగలను, ఆ పిల్లకి మంచి ఉద్యోగం, మంచి జీతం. ఒకడు ఇనుప చువ్వల కొట్టు పెట్టుకున్నాడు. చువ్వల్లో నాణ్యత చూసి కొంటావు కదా అని గుచ్చి గుచ్చి అడిగి, చూస్తానని వాడి చేత అనిపించి, సొంత బ్రాంచి కింద రాసేశాను. దీనికి రుజువులేం అక్కర్లేదు, ఫోన్ చేసినవాళ్ళు ఏం రాస్తే అదే. కాబట్టి నేనేదో నిప్పులాంటి మనిషినని ఎవరూ అనుకోవద్దు.

మూడో వారానికి ఇరవై తొమ్మిది పేర్లయ్యాయి. సొంత బ్రాంచిలో ఉన్నవాళ్ళు పద్నాలుగు మంది. మిగిలింది ఒక్క పేరు. వరసలోనూ అది చివరిదే, రోల్ నంబరు ముప్ఫై. ముందే చేయాల్సింది కానీ చేతులు రాలేదు.

రోల్ నంబరు ముప్ఫై మా తమ్ముడు.

నాకూ వాడికీ పదిహేడేళ్ళ తేడా. నాన్న లేడు కాబట్టి వాణ్ణి చదివించింది నేనే. వాడికి మంచి ర్యాంకు వచ్చింది. కంప్యూటర్స్ చదువుతానన్నాడు, హాయిగా సీటొచ్చేది. సరిగ్గా ఆ ఏడాదే మా బ్రాంచిలో ఇరవై తొమ్మిది మంది చేరారు. ముప్ఫై నిండకపోతే ఆ ఏడాది బ్రాంచి నడపరు, నా ఉద్యోగం గాల్లో ఉంటుంది. బ్రాంచీలు ఎంచుకునే ఫారం నింపడం వాడికి చేతకాదని నాకిచ్చాడు. నేను మొదటి గళ్ళో మెటలర్జీ రాశాను. కంప్యూటర్ల మోజు రెండు మూడేళ్ళలో పోతుందనీ, ఇనుము లేకుండా లోకం నడవదనీ వాడికి నచ్చజెప్పాను. ఇరవై తొమ్మిది సంగతి చెప్పలేదు. వాడు నా మాట నమ్మాడు. నేనంటే వాడికి అంత గురి.

నాలుగేళ్ళు నా క్లాసులోనే కూర్చున్నాడు. క్లాసులో సార్ అనేవాడు, ఇంటికొచ్చాక అన్నయ్యా అనేవాడు. ఒకసారి క్లాసులో నోరుజారి అన్నయ్యా అంటే అందరూ గొల్లుమన్నారు, నేను కూడా నవ్వాను. చదువయ్యాక ఒక ఫౌండ్రీలో చేరాడు. పోత పోసే చోట, ఎండాకాలమైనా చలికాలమైనా ఒకటే వేడి. కంప్యూటర్స్‌లో చేరిన వాడి స్నేహితుల జీతంలో మూడోవంతు కూడా రాలేదు. ఆరేళ్ళ తర్వాత ఆ ఫౌండ్రీ మూతపడింది. ఆ వారంలోనే, ఏదో మాటల్లో, నువ్వు చేరబట్టే ఆ ఏడాది మా బ్రాంచి నిలబడిందిరా అని నేనే అనేశాను. వాణ్ణి ఓదారుద్దామనుకున్నాను, ఎంత తెలివో చూడండి. వాడు చాలాసేపు నా మొహంలోకి చూశాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళయింది. నా నంబరు నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

కాలేజీ నంబరైతే ఎత్తుతాడేమో. ఆ మాట ఇరవై తొమ్మిది పేర్లూ అయ్యేదాకా నా మనసులో తిరుగుతూనే ఉంది. ఎత్తితే బ్రాంచి సంగతి అడగాలా, వాడి సంగతి అడగాలా అన్నది తేలలేదు. రెండూ కావాలి నాకు. ఒక శుక్రవారం, టీ కూడా తాగకుండా, నంబరు నొక్కాను.

మూడు సార్లు మోగాక ఎత్తాడు.

"నమస్కారమండీ. కాలేజీ నుంచి మాట్లాడుతున్నాను. పాత విద్యార్థుల ఉద్యోగాల వివరాలు తీసుకుంటున్నాం. ఐదు నిమిషాలు మాట్లాడతారా?"

తమ్ముణ్ణి అండీ అనడం జీవితంలో అదే మొదలు. పెట్టేస్తాడనుకున్నాను. నా గొంతు పోల్చుకోకపోవడం ఉండదు.

"ఫారం ఉందా సార్?" అన్నాడు.

ఉంది, ఆరు ప్రశ్నలన్నాను. అడగండి సార్ అన్నాడు. వాడి గొంతు కాస్త బొంగురుపోయింది. జలుబు చేసిందో, వయసొచ్చిందో.

మొదటి రెండు ప్రశ్నలు పేరూ, చదివిన బ్రాంచీ. నాకు తెలిసినవే అయినా అడిగాను, వాడూ చెప్పాడు. మూడోది, ఇప్పుడు ఉద్యోగం ఉందా అని. ఉందన్నాడు. ఆ తర్వాత, ఫారంలో లేని ప్రశ్న నా నోట్లోంచి వచ్చేసింది. కుటుంబం ఎలా ఉందండీ అన్నాను.

"ఆ ప్రశ్న ఉందా సార్ మీ ఫారంలో?"

"లేదు."

"ఒక పాప. మూడేళ్ళు," అన్నాడు.

వాడికి పెళ్ళయినట్టే నాకు తెలీదు. నాకు మూడేళ్ళ కూతురుంది, పెదనాన్నా అని పిలవాల్సిన పిల్ల, ఆ సంగతి ఫారం నింపుతూ తెలుసుకున్నాను. ఆ ముక్క రాయడానికి ఫారంలో గడి లేదు. పక్కన ఖాళీలో "పాప, 3" అని రాసుకున్నాను. పేరు అడగడానికి ధైర్యం చాల్లేదు.

నాలుగో ప్రశ్న. ఇప్పుడు చేస్తున్నది సొంత బ్రాంచిలోనేనా? ఫౌండ్రీ పోయాక ఏడాదిన్నర కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నానని చెప్పాడు. తనకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నవాళ్ళ కింద చేరాడట, ఇప్పుడు పదిమంది తన కింద ఉన్నారట. వాళ్ళ కంపెనీ తయారుచేసేది ఉక్కు ఫ్యాక్టరీల్లో వాడే సాఫ్ట్‌వేర్. ఫర్నేసులో వేడి ఎంతుందో, ఏది ఎంత కలిపారో అది చూసుకుంటుందట. నేను కలం పట్టుకుని కూర్చున్నాను.

"ఎన్ని కావాలి సార్ మీకు?" అన్నాడు.

యాజమాన్యం పెట్టిన షరతు వాడికి ఎలా తెలిసిందో. స్నేహితులెవరో చెప్పి ఉంటారు. దాచి లాభం లేదు.

"పదిహేను."

"ఎన్నొచ్చాయి?"

"పద్నాలుగు."

నవ్వాడు. సంతోషంతో నవ్వింది కాదు. "మళ్ళీ నేనేనా," అన్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "ఉక్కు ఫ్యాక్టరీల పనే కదా, మెటలర్జీ అనే రాసుకోండి. ఎవరైనా అడిగినా నేను అదే చెబుతాను. నా ఫారాలు నింపడం మీకు అలవాటే కదా," అన్నాడు.

కోపంగా అనుంటే నాకు తేలికగా ఉండేది. నిజంగానే ఇస్తున్నాడు. ఇనుప చువ్వల కొట్టువాణ్ణి లెక్కేసుకున్నవాణ్ణి, దీనికి వెనకాడక్కర్లేదు. బల్ల ఎదురుగా బీరువాలో నేను ఇరవై రెండేళ్ళుగా పోగుచేసిన ముక్కలు. ఇంకో తొమ్మిదేళ్ళు ఈ గదిలో ఇలాగే కూర్చోవచ్చు. రెండే రెండు గళ్ళు, "అవును" అని ఒకటి, "కాదు" అని ఒకటి. కాదు దగ్గర టిక్కు పెట్టి, పక్కన ప్రస్తుత రంగం అన్నచోట కంప్యూటర్స్ అని రాశాను.

"నాలుగో ప్రశ్నకి కాదు అని రాశానండీ. కంప్యూటర్స్," అన్నాను.

"అలా రాస్తే మీ బ్రాంచి పోతుంది కదా సార్."

"పోతుంది."

"మరి మీరేం చేస్తారు?"

ఫస్టియర్ పిల్లలకి వర్క్‌షాపులో ఇనుము అరగదీసే ఆకురాయి పట్టుకోవడం నేర్పే పని ఎప్పుడూ ఉంటుంది, అదేదో చూసుకుంటానన్నాను. ఐదో ప్రశ్నకి జీతం చెప్పాడు. నా జీతానికి రెండింతలు పైనే. మా అమ్మ ఉంటే ఈ మాట విని వీధిలో అందరికీ చెప్పుకునేది.

ఆరోది అడక్కుండా వదిలేద్దామనుకున్నాను. థాంక్సండీ, అంతే, అనబోయాను.

"ఆరు ప్రశ్నలన్నారు. ఐదే అయ్యాయి సార్," అన్నాడు.

అడగక తప్పలేదు. "మళ్ళీ చదవాల్సివస్తే ఏ బ్రాంచి తీసుకుంటారు?"

వెనకాల ఎక్కడో చిన్నపిల్ల దేనికో మారాం చేస్తోంది, ఎవరో సముదాయిస్తున్నారు. రిసీవరు చెవికి అదిమిపెట్టుకుని విన్నాను.

"తెలీదు," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళూ కంప్యూటర్సే అనుకునేవాణ్ణి. కానీ ఫౌండ్రీలో మొదటిసారి పోత పోసినరోజు నాకు బాగానే అనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నీకేం కావాలి అని నన్ను ఎవరూ అడగలేదు కదా. మీరు ఇప్పుడే అడుగుతున్నారు."

నాకు ఏడుపొచ్చింది. యాభై దాటినవాణ్ణి, కాలేజీ ఫోను పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను. తప్పు చేశానురా అనాలి. ఆరేళ్ళుగా గదిలో ఒక్కణ్ణీ పైకే అనుకున్న మాట. అది మాత్రం రాలేదు. ఫారంలో "తెలీదు" అని రాసుకున్నానండీ అని మాత్రం అనగలిగాను. సరేనన్నాడు. ఇక పెట్టేస్తాడని తెలుసు. పెట్టేస్తే ఇంకోసారి చేయడానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

"ఈ ఫోన్లు ప్రతి ఏడాదీ చేస్తారా?" అన్నాడు.

ఈసారి సార్ అనలేదు. అన్నయ్యా అనీ అనలేదు.

బ్రాంచే లేనప్పుడు ఈ ఫారం ఎక్కడుంటుంది, దాని ముందు నేనెక్కడుంటాను. ఆ సంగతి వాడికీ తెలుసు, బ్రాంచి పోతుందని ఇప్పుడే కదా తనే అన్నాడు.

"చేస్తాం," అన్నాను. "ప్రతి ఏడాదీ చేస్తాం."

"అయితే చేయండి," అని ఫోను పెట్టేశాడు.