సముద్రం వైపు కిటికీ

చరిత్ర శాఖ గది బయట స్టూలెక్కి, కిటికీ ఇనుపరెక్క మీద తుప్పు గీకుతున్నాడు రంగులాయన. మోకాళ్ళు సలుపుతుంటే కాసేపు ఈ కాలి మీద, కాసేపు ఆ కాలి మీద బరువు మోపుతున్నాడు. ఎదురుగా సముద్రం. ఆ ఉప్పుగాలికి ఏ రంగూ నిలవదు. విశ్వవిద్యాలయం ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకు చేరేసరికి మొదటి కిటికీ మళ్ళీ ఎర్రబడి కూర్చుంటుంది. పెళ్ళి కాకముందు పట్టిన పని, ఇంకా తెమలలేదు.

గీకుడు రేకు కింద పాత రంగులు పెచ్చులుగా రాలుతున్నాయి. పైన, ఇది చదువుల చోటయ్యాక వేసిన ఆకుపచ్చ. దాని కింద, ఇది సైనికుల ఆస్పత్రిగా ఉన్నప్పటి తెలుపు. అడుగున, ఓడల సరుకు దాచిన గిడ్డంగి నాటి నలుపు. లోపల మేష్టారు పిల్లలకు ఆ కథే చెబుతున్నారు. రంగులాయన చెవిన పెట్టలేదు. ఎవరు కట్టినా, ఎవరు ఏలినా గీకవలసినవాడు తనే కదా.

"పెద్దాయనా, కాస్త ఆపుతావా? నా మాట నాకే వినబడటంలేదు," అన్నారు మేష్టారు.

"కానివ్వండి బాబూ. నేనూ కూర్చుందామనే అనుకుంటున్నా."

కూర్చుంటే పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. వాళ్ళ ఒంటిగదికి ఉన్నది ఒకటే కిటికీ. అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఏళ్ళయింది. భార్యకు ఉబ్బసం. పొయ్యి వెలిగిస్తే చాలు, ఊపిరాడక వీధిలోకి వచ్చి నిలబడుతుంది. "ఊరందరి కిటికీలూ తెరుస్తావు, మనది ఏం పాపం చేసింది?" అని రోజూ అడిగేది. రోజూ "రేపు" అనేవాడు. ఇవాళ ఆమె అడగలేదు. దగ్గుతూ భోజనం డబ్బా చేతికిచ్చి ఊరుకుంది. అదే మనసులో ముల్లులా దిగింది.

సాయంత్రం స్టోరు గుమాస్తాను అడిగి, డబ్బా అడుగున మిగిలిన రంగు ఇంటికి తెచ్చుకున్నాడు. చొక్కా అయినా మార్చకుండా పనిలోకి దిగాడు. గీకి, మడతబందులకు నూనె పోసి, భుజం ఆనించి నెట్టాడు. కిటికీ కీచుమంటూ తెరుచుకుంది. గాలి పొయ్యి దాకా వచ్చింది. ఆమె అక్కడే నిలబడి గుండెల నిండా పీల్చుకుంది.

రంగు వేయడం అయ్యాక, "ఆరేదాకా మూయకు. రెక్క కొట్టుకోకుండా కొక్కెం రేపు తెస్తాను," అన్నాడు.

"మళ్ళీ రేపేనా?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

బ్రష్షు కడగందే అన్నం ముట్టని మనిషి. పెళ్ళాం కన్నా దానికే సేవలెక్కువని ఆమె ఎప్పుడూ దెప్పుతుంది. ఆ పూట మాత్రం దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, "ఒక్క నిమిషం కూర్చుని కడుగుతా," అని కుర్చీలో వాలాడు. వంటయ్యాక ఆమె పిలిచింది. పలకకపోతే వచ్చి భుజం తట్టింది. ఒళ్ళో ఉన్న చెయ్యి జారి పక్కకు వేలాడింది. రంగులాయన పోయాడు.

వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. కొక్కెం సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అందరూ వెళ్ళాక గాలికి రెక్క టపటపా కొట్టుకుంటుంటే ఆమె లేచి చూసింది. కర్రలా గట్టిపడిన బ్రష్షు గట్టు మీదే ఉంది. తీసి రెక్క సందులో దోపి, పొయ్యి వెలిగించింది. దగ్గు రాలేదు గానీ ఏడుపు ఆగలేదు. జన్మలో ఆ ఒక్కసారే ఆయన కడగకుండా వదిలిన బ్రష్షు, కిటికీని మూసుకోనివ్వకుండా అలాగే బిగిసి ఉంది.