నీలం పువ్వు గలేబు

అటక దూలాలకు బూజు పట్టిందని తెలిసినప్పటి నుంచి ఆమె భర్త సొంత తమ్ముడి మీద నిప్పులు చెరుగుతూనే ఉన్నాడు. అటకలోని తేమ, ఉక్క బయటికి పోవాలని పైకప్పుకు గాలికి తిరిగే వెంటు బిగించింది ఆ తమ్ముడే.

"ఊరందరికీ బాగానే బిగిస్తావు. అన్న ఇంటికొచ్చేసరికి చేతులు పడిపోయాయా?"

మరిది నిచ్చెనెక్కి అటకలోకి దూరాడు. కింద ఆమె నిచ్చెన పట్టుకుంది. అదేం వెంటో గానీ, గాలి వీస్తే చాలు, కిర్రు కిర్రుమంటూ ప్రాణం తోడేసేది. విసుగెత్తి చలికాలంలో తనే పైకెక్కి, దాని గొట్టంలో పాత దిండు గలేబు కుక్కేసింది. తర్వాత ఆ సంగతే మరిచిపోయింది. బూజు చూడగానే గుర్తొచ్చింది. కానీ ఇంత రాద్ధాంతం జరుగుతుంటే నోరు పెగల్లేదు.

పైన వెంటు మళ్లీ కిర్రుమంది. మరిది చేతిలో గుడ్డ ఉండతో దిగాడు.

"తప్పు నాదే అన్నయ్యా. కప్పు కోసేటప్పుడు దుమ్ము రాలకుండా గొట్టంలో గుడ్డ కుక్కుతాం. తీయడం మరిచిపోయినట్టున్నాను."

"నేను చెప్పలేదూ!" అంటూ భర్త విసవిసా బయటికి వెళ్లిపోయాడు.

మరిది ఆ గలేబును దులిపాడు. మూలన ఆమె స్వయంగా కుట్టిన నీలం పువ్వు లోపలికి పోయేలా మడతపెట్టి, ఆమె చేతిలో పెట్టాడు.

"కిర్రుమంటోందని ఒక్క మాట చెప్తే నూనె వేసేవాణ్ణి కదా, వదినా."