లుంపియాలు చుట్టడం పనేనా?

లిగాయకు కాదనడం చేతకాదు. పుట్టుకతో వచ్చిన జబ్బు అది, మందు లేదు. ఫిలిప్పీన్స్‌లో, సొంతూరు ఇలొయిలోలో ఉన్నప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు అడిగినా సరేనని తలూపేది. ఇక కెనడా వచ్చాక ఈ విన్నిపెగ్‌లో టీటా రెమీ అడిగితే కాదంటుందా? టీటా అంటే పిన్నీ అత్తా అన్నీను. చుట్టరికం ఉండనక్కర్లేదు, వయసుంటే చాలు. పైగా లిగాయ పనిచేసేది ఆవిడ బేకరీలోనే.

కానీ ఈసారి కాదనక తప్పదు. కాలేజీ జరిగే రోజుల్లో బయట వారానికి ఇరవై నాలుగు గంటలకు మించి పని చేయకూడదని విదేశీ విద్యార్థులకు రూలు. పందెసాల్ రొట్టెలు కాల్చీ, పొట్లాలు కట్టీ, శుక్రవారం పొద్దుటికే లిగాయ ఆ ఇరవై నాలుగూ నిమిషం మిగలకుండా ఖర్చు పెట్టేసింది. ఏప్రన్ విప్పుతుంటే టీటా వెనకనుంచి కేకేసింది.

"రేపు నాలుగింటికి లుంపియాలు చుడుతున్నాం పిల్లా. బాప్తిస్మం విందుకు ఆర్డరు, పదిహేను వందలు చుట్టాలి. ఖాళీ కడుపుతో రా."

"సరే టీటా," అంది లిగాయ. అన్నాక గంటల లెక్క గుర్తొచ్చింది.

ఇక్కడి ఫిలిప్పీనోల్లో లుంపియాలు చుట్టడాన్ని ఎవరూ పని అనరు. ఆడవాళ్లు బల్ల చుట్టూ చేరి, పల్చటి పిండి రేకుల్లో కీమా పెట్టి వేలంత లావున చుడుతూ, అక్కడ లేనివాళ్లందరినీ ఏకిపారేస్తారు. ఒకరు డబ్బివ్వరు, ఒకరు అడగరు. అయినా లిగాయ అనుమానం కొద్దీ కాలేజీకి వెళ్లి, విదేశీ విద్యార్థుల సంగతులు చూసే మిసెస్ పౌలెట్‌ను అడిగింది.

"డబ్బివ్వకపోయినా సరే, మామూలుగా జీతమిచ్చి చేయించే పనైతే అది పనే," అంది ఆవిడ. "అమ్మేవేనా ఆ లుంపియాలు?"

"అవునండీ."

"అయితే ముట్టుకోకమ్మా. నీ పర్మిట్‌కే ఎసరొస్తుంది. పర్మిట్ పోతే చదువూ పోతుంది, పెట్టె సర్దుకోవడమే."

కోర్సు ఇంకా ఎనిమిది నెలలుంది. 'కుదరదు టీటా' అంటే సరిపోయేది, రెండే మాటలు. ఆ రెండు మాటలూ లిగాయ అద్దం ముందు పదిసార్లు సాధన చేసింది. పదోసారి అద్దానికే క్షమాపణ చెప్పుకుంది. చివరికి శనివారం సాయంత్రం కుడిచేతికి మోచేతిదాకా బ్యాండేజీ చుట్టుకుని బేకరీకి బయల్దేరింది. అసలు వెళ్లకుండా ఉంటే పోయేదిగా అంటారా? పెద్దావిడ పిలిస్తే వెళ్లకపోవడమా! ఆ ఆలోచనే ఆ పిల్లకు రాలేదు.

"అయ్యో నా తల్లీ, చేతికేమైందే?" అంటూ టీటా ఎదురొచ్చింది.

"కాలింది టీటా. సూప్ ఒలికి."

"అయ్యయ్యో! ఇలా కూర్చో. ఎడం చెయ్యి బాగానే ఉందిగా? ఇదిగో, రేకు అంచులకు గుడ్డుసొన రాస్తూ ఉండు."

లిగాయ వద్దనేలోపే బ్రష్షు చేతిలోకి వచ్చేసింది. ఆ బ్రష్షు చివర మిసెస్ పౌలెట్ మొహం కనిపించింది.

"ఎడం చెయ్యి కూడా లాగుతోంది టీటా."

"పోనీ నోరుందిగా. ట్రేకు ఎన్నో లెక్కపెట్టు."

"తల తిరుగుతోంది టీటా."

అక్కడే కొంప మునిగింది. ఆ బల్ల దగ్గర టీటా కాక ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ నర్సులే. ఒకావిడ ఎమర్జెన్సీలో, ఒకావిడ వృద్ధాశ్రమంలో, మూడో ఆవిడ టీటా నెనిత ఇరవై ఏళ్లుగా అచ్చంగా కాలిన గాయాల వార్డులో. ఇంటికో నర్సున్న ఫిలిప్పీనో ఆడవాళ్ల మధ్యకొచ్చి చెయ్యి కాలిందని అబద్ధమాడడమంటే దొంగ పోలీస్ స్టేషన్లో గది అద్దెకు తీసుకోవడమే.

"కాలి, చెయ్యి లాగి, తల కూడా తిరుగుతోందా?" ముగ్గురూ ఒకేసారి లేచి చేతులు కడుక్కున్నారు. ఒకావిడ నాడి పట్టుకుంది. ఒకావిడ నాలుక చాపమంది.

"కట్టెవరు కట్టారిది? లుంపియా చుట్టినట్టు చుట్టారు," అని విసుక్కుంటూ నెనిత విప్పడం మొదలుపెట్టింది.

"వద్దు టీటా, నొప్పి..."

"నొప్పి సంగతి నాకు చెప్పకు."

ఆఖరి చుట్టు ఊడింది. లోపల చెయ్యి నిక్షేపంలా ఉంది. నలుగురు పెద్దవాళ్లు ఆ చేతిని తిప్పి తిప్పి చూశారు. లిగాయ సిగ్గుతో చచ్చిపోయింది. ఇరవై నాలుగు గంటలూ, పర్మిటూ, మిసెస్ పౌలెట్టూ, అన్నీ ఒక్క గుక్కలో కక్కేసింది.

టీటా మొహం ఎర్రబడింది. "నేను నిన్ను పనికి పిలిచానుటే?"

"లేదు టీటా. కానీ ఇవి అమ్మేవి కదా, అందుకని మిసెస్ పౌలెట్..."

"ఎవరా పౌలెట్టు? నీకు జ్వరమొస్తే గంజి కాచి పట్టుకొచ్చింది పౌలెట్టా, నేనా?"

"మీరే టీటా."

"మరి? నువ్వు మా ఇంటి మనిషివే! ఇంటి మనుషుల మధ్య గంటల లెక్కేంటి?"

నెనిత ఫక్కున నవ్వింది. "రెమీ, అచ్చం మీ క్యాల్గరీ దొరసానిలాగే అన్నావ్!"

టీటా ఠక్కున ఆగిపోయింది.

"ఈ పిల్లకు తెలీదు కదూ," అని నెనిత లిగాయ వైపు తిరిగింది. "తొంభై రెండులో ఇద్దరం కలిసే క్యాల్గరీ వచ్చాం, ఇళ్లల్లో ఉండి పిల్లల్ని చూసుకునే పనికి. ఈవిడ ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆదివారం సెలవని కాగితమ్మీద ఉండేది. తెల్లారగానే దొరసాని తలుపు కొట్టేది. 'రెమీ, నువ్వు మా ఇంటి మనిషివి కదా, ఈ ఒక్క పూటా చూడవూ' అని. ఈవిడకు కాదనడం వస్తేగా! కడుపునొప్పని ముసుగుతన్ని పడుకునేది. దొరసాని ఆ ముగ్గుర్నీ తెచ్చి ఆ మంచమ్మీదే పడేసి పోయేది!"

నర్సులు ముగ్గురూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. టీటా మాత్రం నవ్వలేదు. సగం చుట్టిన లుంపియా ఆవిడ చేతిలోనే ఉంది. ఇంకో నాలుగు తిట్టినా బాగుండేదని లిగాయకు అనిపించింది.

"రెండేళ్లు వాళ్లకు వడ్డించాను," అంది టీటా. "ఇంటి మనిషినట. ఒక్కనాడు ఆ బల్ల దగ్గర కూర్చోమన్న పాపాన పోలేదు."

టీటా చెయ్యి తుడుచుకుని లేచింది. మొదటి వాయి అప్పటికే వేగింది. ఓ పది లుంపియాలు పళ్లెంలో వేసి, పక్కన వెనిగర్ గిన్నె పెట్టి, ముందు గదిలో గిరాకీల కోసం వేసిన మెత్తటి కుర్చీ ఒకటి లాక్కొచ్చింది.

"కూర్చో."

"నేను ఇంటికెళ్తాను టీటా..."

"కూర్చోమన్నానా! తినడం పనేం కాదుగా? కావాలంటే మీ పౌలెట్టునే అడుగు. ఇంకోసారి నేను పిలిచేసరికి నీ గంటలైపోయుంటే, రాను టీటా అని మొహమ్మీద చెప్పు. ఏదీ, ఇప్పుడు చెప్పు."

"రా... రాను టీటా."

"వినపడలేదు."

"రాను టీటా!"

నర్సులు చప్పట్లు కొట్టారు. "క్షమించండి టీటా," అని లిగాయ వెంటనే చేర్చింది. టీటాకు అప్పుడొచ్చింది నవ్వు.

నలుగురు పెద్దవాళ్లు చుడుతుంటే తను కూర్చుని తినడం లిగాయకు చచ్చేంత కష్టమైంది. కళ్లు నిండాయి, అయినా తింది. సాయం చేద్దామని చేతులు వాటంతటవే బల్ల మీదికి పోయేవి. లేవబోయినప్పుడల్లా టీటా రెమీ ఏ కబురూ ఆపకుండానే, భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.