సైరన్ మోగని పొద్దు

కొడుకు షాకీర్‌తో వేగలేక గుల్షన్ బేగం ప్రాణం విసిగిపోయింది. ఒళ్లు దాచుకునే రకం కాదు వాడు. కానీ అంకె కనబడితే చాలు, పామును చూసినట్టు వెనక్కి జరుగుతాడు. జనగామలో ఒక పార్సిల్ ఆఫీసులో పెట్టిస్తే, నంబర్లు కలగాపులగం చేసి జనగామ మూటను మహబూబాబాద్‌కూ, మహబూబాబాద్ మూటను జనగామకూ పంపాడు. మరిపెడలో పత్తి కాంటా దగ్గర కుదిర్చితే, బస్తాలు మోస్తాను గానీ తూకం చదవనని మొండికేశాడు.

చివరికి చుట్టాల కాళ్లావేళ్లా పడి, భూపాలపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో వార్డు పని సంపాదించింది. స్ట్రెచర్ తోయాలి, దుప్పట్లు మార్చాలి, నడవలేనివాళ్లను లేపి కూర్చోబెట్టాలి. అంకెలతో పనే లేదు. మేనేజరు సోమనర్సయ్య మాత్రం ముందే చెప్పాడు: "అక్కా, డ్యూటీకి ఒక్కసారి తప్పినా తీసేస్త. మల్ల నన్ననొద్దు."

షాకీర్ గడియారం వైపు చూసేవాడే కాదు. ఊళ్లో బొగ్గు గని సైరన్ మోగితే లేచి పోయేవాడు, మళ్లీ మోగితే ఇంటికి వచ్చేవాడు. గని షిఫ్టూ, దవాఖాన షిఫ్టూ ఒకే వేళకు మారేవి కాబట్టి ఏ పేచీ రాలేదు. గుల్షన్ బేగం కూడా హమ్మయ్య అనుకుంది.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గని ఆగింది, సైరనూ ఆగింది.

ఆ పొద్దున ఆమె పంపు దగ్గర బిందె నింపుకుని వచ్చేసరికి ఎండ గడప దాటింది. షాకీర్ ఇంకా చాప మీదే ఉన్నాడు.

"అరే, డ్యూటీకి పోలేదేందిరా?"

"సైరన్ కొట్టలే కదా అమ్మీ!"

"ఊరంత పని బంద్ వెట్టి టెంటు కింద కూసున్నరు. నీ కోసం ఎవడొచ్చి కొడ్తడురా? లే!"

చెప్పులు వేసుకోనివ్వకుండానే వాణ్ని ముందుకు తోలుకుంటూ నడిచింది. దారంతా జై తెలంగాణ కేకలు. "తెలంగాణ వచ్చినా వస్తది గాని, వీనికి అక్కల్ రాదు, బుద్ధి రాదు" అని గొణుక్కుంది.

సోమనర్సయ్య గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఇగ వాపస్ పోండ్రి. వీని పని అయిపోయింది."

గుల్షన్ బేగం కొడుకు వైపు చూసింది. ఇంకే ఊరు తిప్పాలి వీణ్ని?

అంతలో రాత్రి షిఫ్టు వార్డుబాయ్ పోశాలు ఎర్రబడ్డ కళ్లతో స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చాడు.

"నువ్వింక ఇంటికి పోలేదా?" అన్నాడు సోమనర్సయ్య.

"సైరన్ కొట్టంది ఎట్ల పోత సార్?"

షాకీర్‌కు నవ్వు ఆగలేదు. "నవ్వకురా!" అని గుల్షన్ బేగం వాడి వీపు మీద ఒక్కటిచ్చింది.

సోమనర్సయ్య తల పట్టుకున్నాడు. "ఇద్దర్కి ఇద్దరే దొరికిన్రు నాకు! వీణ్ని తీసేస్తె వాన్ని గూడ తియ్యాలె. స్ట్రెచర్ నేను తొయ్యాల్నా? అక్కా, సమ్మె అయిపోయేదాంక రోజూ నువ్వే లేపి తోలియ్యాలె. ఈసారి తప్పితె మాత్రం ఖతం."

"లేపుత సార్, సచ్చినట్టు లేపుత" అంది ఆమె.

మర్నాడు తెలతెలవారుతుండగా గుల్షన్ బేగం గుమ్మంలో నిలబడి, కొడుకు పేరు పెట్టి గొంతెత్తి అరిచింది. షాకీర్ ఉలిక్కిపడి లేచాడు. పక్కింటి గని కార్మికుడు మంగీలాల్ కూడా తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"చాచీ, జర మెల్లగ! సమ్మె పుణ్యాన గిప్పుడన్న కండ్ల నిండ నిద్రపోదామనుకుంటే..."

"నీకు సమ్మె ఉన్నది బేటా, పండుకో. నాకు లేదు" అని ఆమె మళ్లీ కేకేసింది.