నాలుగు నిమిషాల గంట

నేను ఒక ఇత్తడి చేతిగంటను. హైదరాబాద్‌లో ఏటా జరిగే నగర సంస్కృతి ఉత్సవంలో వేదిక పక్కన, టైమ్ కీపర్ బల్ల మీద నా చోటు. ముప్పై ఏళ్ళు దాటింది. ఈ చేతుల్లో, ఆ చేతుల్లో పడి ఎంతమంది పాటను మధ్యలో ఆపించానో చెప్పలేను. చాలావరకు మరిచిపోయాను కూడా. ఒక్కదాన్ని మాత్రం మరవలేకపోతున్నాను. అది చెప్పుకుంటే బరువు తగ్గుతుందేమోనని ఈ ప్రయత్నం.

నన్ను పోసినవాడు జనగామ దగ్గర ఓదెలు అనే కంచరి. సొట్టలు పడిన రెండు చెంబులు, ఒక తాంబాళం, కాలు విరిగిన దీపపు కుంది కలిపి కరిగించి అచ్చులో పోశాడు. నాది కలగాపులగం పుట్టుక అన్నమాట. ఎవరి ఇంటి చెంబో, ఎవరి పెళ్ళి తాంబాళమో, అన్నీ కలిసి ఒకే గొంతుతో పలకడం ఓదెలుకే వింతగా అనిపించింది. చల్లారాక నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "మంచిగ పలుకుతున్నది" అని భార్యతో అని, గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. నా జీవితంలో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

నన్ను కొన్నది నరహరి గారు. రిటైరైన హెడ్మాస్టరు, ఉత్సవానికి తొలి కార్యదర్శి. ఆ రోజుల్లో కార్యక్రమం కాగితం అరపేజీ ఉండేది. ఒక కూచిపూడి, ఒక హరికథ, ఒక ఖవ్వాలీ, కుదిరితే సుల్తాన్‌బజార్ మరాఠీ వాళ్ళ నాటకంలోంచి ఒక రంగం. అంతే. ఆవరణలో టీ తాగుతూ కబుర్లలో పడ్డవాళ్ళను లోపలికి రప్పించడానికి నరహరి గారు గుమ్మంలో నిలబడి నన్ను మోగించేవారు. హరికథ చెప్పే ఆయనకు ఊపు వస్తే మూడు గంటల సభ నాలుగు గంటలు నడిచేది. నరహరి గారు గడియారం చూసేవారు కాదు, జనం ముఖాలు చూసేవారు. ఎవరూ లేవకపోతే ఇంకా టైముందని ఆయన లెక్క.

ఊరు పెరిగింది. చెరువుల పక్కన టవర్లు లేచాయి. వాటిని కట్టడానికి, కాయడానికి, ఊడవడానికి, వాటిలో ఉండేవాళ్ళకు జుట్టు కత్తిరించడానికి, జబ్బు చేస్తే చూడడానికి దేశంలోని అన్ని మూలల నుంచీ మనుషులు దిగారు. రాజస్థాన్ పాలరాతి పనివాళ్ళు, బీహార్ వడ్రంగులు, నేపాల్ కాపలాదార్లు, మణిపూర్ అమ్మాయిలు, ఒడిశా ఇటుక కూలీలు. బార్కస్‌లో మర్ఫా డప్పులు వాయించేవాళ్ళు తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నారు గానీ, వాళ్ళను పిలవాలన్న సంగతి కమిటీకి ఈ మధ్యనే తట్టింది.

కమిటీ వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నగరంలో ఎన్ని రకాల మనుషులున్నారో అన్ని రకాలూ వేదిక మీద కనిపించాలని నిజంగానే కోరుకున్నారు. నాలుగు అంశాలు పదకొండయ్యాయి, పదకొండు పంతొమ్మిదయ్యాయి, ఈ ఏడాదికి ముప్పై అయ్యాయి. సభ మాత్రం మూడు గంటలే. అందులో ముఖ్య అతిథుల ప్రసంగాలకు నలభై నిమిషాలు, సన్మానాలకు ఇరవై. ఆ అరవై నిమిషాల జోలికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. మిగిలిన రెండు గంటలను ముప్పై మందికి పంచితే తలా నాలుగు నిమిషాలు. వైవిధ్యం పెరిగినకొద్దీ నాకు పని పెరిగింది. జనాన్ని లోపలికి పిలిచే ఉద్యోగం పోయి, వేదిక దిగమని చెప్పే ఉద్యోగం వచ్చింది. మూడో నిమిషానికి ఒకసారి మోగితే హెచ్చరిక. నాలుగో నిమిషానికి రెండుసార్లు మోగితే మైకు ఆగుతుంది, తెర పడుతుంది.

నరహరి గారు పోయాక నేను ఒకరిద్దరి చేతులు మారి పురుషోత్తం చేతికి వచ్చాను. ఉత్సవ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. చెయ్యి చల్లగా, గట్టిగా ఉంటుంది. ఎవరితోనూ కసురుకోడు, ఎవరికీ ఒక్క సెకను ఎక్కువ ఇవ్వడు. ఒకరికి ఇస్తే ఇంకొకరికి అన్యాయం చేసినట్టేనని గట్టిగా నమ్మే మనిషి. అంత నిజాయితీపరుడి చేతిలో మోగడం ఎంత కష్టమో మీకు తెలియదు.

ఫూలమతిని మొదటిసారి చూసింది ఎంపిక రోజున. కార్యాలయం, ఉత్సవం జరిగే హాలు ఒకే భవనంలో పక్కపక్కన ఉంటాయి. ఎంపికలు కార్యాలయంలోనే. ముప్పై అయిదేళ్ళ మనిషి, సన్నగా, ఎండకు కమిలిన ముఖం. పడమటి ఒడిశా నుంచి వచ్చి కోకాపేటలో కడుతున్న ఒక టవర్ దగ్గర ఇటుకలు మోస్తుంది. వెంట ఢోల్ పట్టుకుని ఆమె మరిది వచ్చాడు. ఆమె పాడింది వింటుంటే కమిటీ వాళ్ళ కాళ్ళు వాటంతటవే తాళం వేశాయి. పాటలో వరసగా పేర్లు వినిపిస్తున్నాయి. ఢోల్ ఒక్కో పేరుకు దభీమని పడుతోంది. కాసేపటికి ఢోల్ ఆగింది, గొంతు తగ్గింది, అవే పేర్లు మళ్ళీ మెల్లగా మొదలయ్యాయి.

"మొదటిది జోరుగుందమ్మా. రెండోది జర నెమ్మదిగుంది. అది కోసేస్తే మంచిగుంటది" అన్నాడు పురుషోత్తం. మంచికే చెప్పాడు.

ఫూలమతి మేస్త్రీల దగ్గర నేర్చుకున్న తెలుగులో జవాబిచ్చింది. "మొదటిది పిలుచుడు సార్. రెండోది పంపుడు. పిలిచి పంపకపోతే ఎట్ల? ఇంటికొచ్చినోళ్ళను వాకిట్ల నిలబెట్టి పోతరా?"

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆమె భర్త దయానిధి అదే టవర్ పద్నాలుగో అంతస్తు దగ్గర కట్టిన సారువ కర్రల మీంచి పడి చనిపోయాడు. ఏడు నెలలైంది. ఊరికి తీసుకెళ్ళే వీలు లేక ఇక్కడే దహనం చేశారు. పరాయి చోట పోయినవాడికి ఇంటి తోవ తెలియదని వాళ్ళ ఊరి నమ్మకం. అందుకని ఇంటి పెద్దల్లో పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తారు. అందరూ వచ్చాక చివర అతన్ని పిలుస్తారు. ఆ తర్వాత అదే వరసలో ఒక్కొక్కరినీ సాగనంపుతారు. పెద్దలు ముందు నడుస్తుంటే కొత్తవాడు వెనకాల వెళతాడు. ప్రతి పేరుకూ "పోయి రా" అని పాడినప్పుడు వింటున్న వాళ్ళు "గలా" అనాలి, వెళ్ళాడు అని. పాడేవాళ్ళు కాక ఇంకొక గొంతు ఆ మాట అంటేనే అతను వెళ్ళినట్టు. ఎక్కడ పిలిస్తే అక్కడి నుంచే పంపాలి.

"రేకుల షెడ్ల కాడ ఢోల్ కొట్టనియ్యరు సార్. పక్క అపార్టుమెంటోళ్ళు పోలీసుకు ఫోన్ చేస్తరు. మావోళ్ళకు అందరికీ ఒక్కదినమే సెలవు దొరకదు. మీ ఫంక్షన్ అంటే సూపర్వైజర్ ఇస్తా అన్నడు."

కమిటీలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. పన్నెండు నిమిషాలు అని పురుషోత్తమే ఉత్తరం టైపు చేయించి ఇచ్చాడు. అది నా ఎదురుగానే జరిగింది.

ఉత్సవానికి ముందు రోజు ఇంకో అయిదు బృందాలు వచ్చి చేరితే లెక్క ముప్పై అయింది. ఉత్సవ డైరెక్టరు వకుళ గారు కాగితం మీద చాలాసేపు గీతలు గీశారు. "ఎవర్నీ వద్దనలేం కదండీ. ఎవరి బాధ వాళ్ళది. అందరికీ సమానంగా ఇద్దాం" అన్నారు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు. అదే నా బాధ.

ఆదివారం సాయంత్రం ఫూలమతికి తెర వెనక, పన్నెండు కాదు నాలుగు నిమిషాలే అని చెప్పారు. ఆమె మరిది వైపు చూసింది. ఏదో అంది. అతను ఢోల్ తాడు బిగించాడు. హాలు వెనక వరసల్లో వాళ్ళ మనుషులు నలభై మంది దాకా, ఉతికిన చొక్కాల్లో, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి తెలియదు.

ఆమె పాట మొదలుపెట్టిన వేగం చూస్తే నాకు భయం వేసింది. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు. పదహారు మంది పెద్దల పేర్లు గుక్క తిప్పుకోకుండా పిలిచింది. పదిహేడోది దయానిధి. ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగింది. నిలబడి, ఎదురుగా ఎవరో వచ్చినట్టు తల కొంచెం వంచింది. అక్కడ ఎనిమిది సెకన్లు పోయాయి. పురుషోత్తం గడియారం చూస్తూ నా పిడి మీద చెయ్యి వేశాడు. మూడో నిమిషం దాటింది, ఒకసారి మోగాను.

పంపడం మొదలైంది. పేరు, వెనక వరసల నుంచి "గలా". పేరు, "గలా". ముందు వరసల్లో వాళ్ళు కూడా తమాషాగా ఉందని గొంతు కలిపారు. పది మంది వెళ్ళారు. పదమూడు మంది వెళ్ళారు. ఇంకో పది సెకన్లు చాలు అనుకున్నాను. పురుషోత్తం మణికట్టు కదలకుండా ఉండాలని మొక్కుకున్నాను. నా నాలుక ఊడిపోయినా బాగుండుననుకున్నాను. పదహారోవాడిని పంపి ఆమె దయానిధి పేరు ఎత్తుకునేలోగా పురుషోత్తం రెండుసార్లు ఊపాడు. నేను మోగాను. ఓదెలు చెప్పినట్టే మంచిగా పలికాను.

మైకు ఆగిపోయింది. ఆమె ఆపలేదు. నోరు కదులుతోంది, మెడ నరాలు ఉబ్బాయి. వ్యాఖ్యాత ముందుకు వచ్చి "ఒడిశా సోదరీసోదరుల జానపద సౌరభానికి గట్టిగా చప్పట్లు" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో వెనక వరసల వాళ్ళకు ఏ పేరు వినిపిస్తుంది? పాట ముగిసిందేమో, పట్నంలో ఇలాగే చేస్తారేమో అనుకుని వాళ్ళూ చప్పట్లు కొట్టారు. తెర పడింది. తర్వాతి బృందం రికార్డు పాట మొదలైంది.

ఫూలమతి తెర పక్క నుంచి నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, ఒక్క పేరు సార్. తోలుకపోనీకి వచ్చిన పెద్దోళ్ళందరు పోయిండ్రు. ఆయన ఒక్కడే ఉన్నడు ఈడ."

పురుషోత్తం గడియారం చూశాడు. వేదిక మీద అప్పటికే పది మంది పిల్లలు నెమలీకలు కట్టుకుని గెంతుతున్నారు. వాళ్ళ మూడో నిమిషం దగ్గర పడుతోంది. "వచ్చే ఏడు ఫస్టు నీదే పెట్టిస్తా తల్లీ" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. అతను నన్ను ఊపాడు.

మర్నాడు పేపర్లో ఆమె ఫొటో వచ్చింది. నోరు తెరిచి, చెయ్యి ముందుకు చాచి. కింద 'నగరం ఒక్కటే, గొంతులు ముప్పై' అని రాశారు. వకుళ గారు దాన్ని కత్తిరించి నోటీసు బోర్డు మీద పెట్టించారు. వచ్చే ఏటి నుంచి టైమ్ చూడడానికి ఎర్ర అంకెల ఎలక్ట్రానిక్ గడియారం తెప్పించాలని కూడా అదే వారం నిర్ణయమైంది. గంట మోత పాటకు అడ్డొస్తోందని ఎవరో ఫిర్యాదు చేశారట. అప్పటి నుంచి నేను పురుషోత్తం బల్ల మీద, ఫ్యాను గాలికి అర్జీలు ఎగిరిపోకుండా వాటి మీద కూర్చుంటున్నాను.

గురువారం మధ్యాహ్నం ఫూలమతి వచ్చింది. ఒక్కతే. మిగతావాళ్ళకు పని ఉంది, సెలవు లేదు. ఎవరి చేతనో రాయించుకున్న అర్జీ తెచ్చింది. ఖాళీగా ఉన్న రోజు హాల్లో పది నిమిషాలు ఇప్పించండి అని.

పురుషోత్తం రెండుసార్లు చదివాడు. "విడిగ మనుషులకు హాలియ్యరమ్మా. రిజిస్టరైన సంఘం ఉండాలె. అయినా మేడమ్‌ను అడుగుత, నా తోని అయినంత జేస్త" అన్నాడు. అర్జీని మిగతా కాగితాల్లో చేర్చి నా కింద పెట్టాడు. మేడమ్ మీటింగులో ఉన్నారు. అతను కూడా ఫైలు పట్టుకుని అక్కడికే వెళ్ళాడు. గదిలో టైపిస్టు శశిరేఖ, నేను, ఫూలమతి మిగిలాం.

హాలు తలుపుకు తాళం వేసి ఉంది. ఆమె వెళ్ళి ఆ తాళం ముట్టుకుని చూసి వెనక్కి వచ్చింది. మా బల్ల ఆనుకుని ఉన్న గోడకు అవతల అదే హాలు. గోడ వైపు తిరిగి నిలబడి, చాలా చిన్న గొంతుతో, ఢోల్ లేకుండా, తన భాషలో అంది. "పోయి రా, దయానిధీ."

ఆగింది.

ఎవరైనా ఒకరు "గలా" అనాలి. ఫ్యాను తిరుగుతోంది. అర్జీల అంచులు నా కింద కొట్టుకుంటున్నాయి. ఆమెకూ నాకూ మధ్య జానెడు దూరం. మూడు దశాబ్దాలు ఎవరు ఊపితే వాళ్ళకు పలికాను, అడ్డమైన వాళ్ళ మాటకూ పలికాను. ఆ క్షణంలో ఒక్కసారి, ఎవరూ ఊపకుండా పలకగలిగితే చాలు, ఆ తర్వాత నన్ను కరిగించి మళ్ళీ చెంబులు చేసుకున్నా ఫరవాలేదనుకున్నాను. ఇత్తడి ఇత్తడే. కదల్లేదు.

ఆమె ఇంకోసారి అంది. ఈసారి కొంచెం గట్టిగా.

శశిరేఖ తలెత్తింది. భాష తెలియదు గానీ, ఆ మనిషి దేనికోసమో ఎదురుచూస్తోందని మాత్రం ఆమెకు అర్థమైంది. జాలిగానే చెప్పింది. "మేడమ్ మీటింగ్ల ఉన్నరమ్మా. రెండున్నర దాటుతది. అట్ల కుర్చీల కూసో."

ఫూలమతి వెళ్ళి కూర్చుంది. పక్క కుర్చీ మీద ఎవరిదో సంచి ఉంటే తీసి కింద పెట్టి, ఆ కుర్చీ ఖాళీ చేసింది.