రేకు డబ్బా పొయ్యి

ఆ ఏడు మిర్చి బాగా పండింది. బాగా పండితే ఏమవుతుందో రైతుకి తెలియంది కాదు. గుంటూరు యార్డు నిండిపోయి లారీలన్నీ బయట రోడ్డు మీదే ఆగాయి. మాదీ ఆగింది. లారీలో నా బస్తాలూ మా అన్న యలమంద బస్తాలూ పక్కపక్కనే ఉన్నాయి. మేమిద్దరం మాత్రం లారీకి చెరో పక్కన కూర్చున్నాం. బోరు నీళ్ల వంతు దగ్గర గొడవపడ్డప్పటి నుంచీ మా మధ్య మాటల్లేవు. అద్దంకిలో లారీ మాట్లాడింది బుడాన్. అతని సరుకూ అందులోనే ఉంది.

హోటలు అన్నం నాకు పడదు. ఐదో తరగతితో బడి మానేసినా చేతులు పనిచేస్తాయి కాబట్టి, వంట సామాను ఇంటి దగ్గరే తయారుచేసుకుని వచ్చాను. పెద్ద రేకు డబ్బాకి మూత కోసేసి, కట్టె పెట్టడానికి కింద నోరు తెరిచాను. చుట్టూ మేకుతో గాలి బెజ్జాలు కొట్టాను. గిన్నె ఆనడానికి పైన పాత సైకిలు చువ్వలు అడ్డంగా గుచ్చాను. పత్తి బేలుకి చుట్టే ఇనుప పట్టీని మధ్యకి వంచితే పట్టకారు అయింది. కొబ్బరిచిప్పకి పుల్ల గుచ్చితే గరిటె.

బుడాన్ చూసి నవ్వాడు. "ఏంది పిచ్చయ్యా, రోడ్డు మీద కాపరం పెడతన్నావా?"

"తింటావా, తినవా?"

"తింటాలే. మరి మీ అన్నకో?"

"ముగ్గురికీ పోశా బియ్యం. కావాలంటే నోరు తెరిచి అడగమను."

కావాలనే గట్టిగా అన్నాను. అటు పక్క నుంచి బొరుగులు నమిలే చప్పుడు వచ్చింది. అన్నం వాసన తగిలితే ఆయనే వస్తాడనుకున్నాను. ముందు నేను పలకరించేది లేదు.

పత్తికట్టె అంటుకుంది. ఎసరు మరిగింది. డబ్బా కాలేసరికి మీది రంగు పొంగి, అన్నం వాసనకి బదులు వేరే వాసన లేచింది. అది పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా. బూడిదేసి తోమే తెచ్చాను. మా ఊళ్లో ఆ డబ్బాలు లేని ఇల్లు లేదు. గింజలు పోసుకుంటాం, దొడ్డికి నీళ్లు పట్టుకెళతాం. కాలిస్తే అంత కంపు కొడుతుందని నాకేం తెలుసు.

అన్న లారీ చుట్టూ తిరిగొచ్చాడు. వస్తూనే కాలితో తన్నాడు. పొయ్యీ గిన్నే దొర్లి, సగం ఉడికిన అన్నం దుమ్ములో పడింది.

"ఒరేయ్! బుద్ధుందా నీకు? మందు డబ్బా మీద వండుతావురా?"

"వండింది గిన్నెలో గదా! డబ్బాలో వండానా?"

"తిన్నావా? చెప్పరా, నోట్లో పెట్టావా?"

"ఉడికితేగా తినేది!"

భుజం పట్టుకుని నా నోరు వాసన చూశాడు. పత్తి పంట దెబ్బతిన్న ఏడు మా బాబాయి కొడుకు వెంకటనారాయణ ఆ మందే తాగాడు. ఒళ్లో పడుకోబెట్టుకుని ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లింది అన్నే. దారిలోనే పోయాడు.

"మాట్లాడావుగా యలమందన్నా," అన్నాడు బుడాన్.

"నోరు మూసుకుని రాళ్లు తీసుకురా."

మూడు రాళ్లు పెట్టి అన్నే పొయ్యి వెలిగించాడు. గిన్నె ఇసకతో తోమి నీళ్లు పోశాడు. నా వైపు చూడకుండానే చెయ్యి చాపాడు.

"బియ్యం."

ఇచ్చాను.

"ఆ పట్టకారేదో ఇటియ్యి."

అదీ ఇచ్చాను. బోరు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అన్నం అడుగంటింది.

"మాడింది," అన్నాను.

"తిను ముందు."